ప్లే స్కూలా, పక్క ఫ్లాట్ ఆంటీ డే కేరా, అంగన్‌వాడీనా: చంటిపిల్లలకు ఏది మేలు?

మొదటి ఇద్దరు పిల్లలకు చట్టప్రకారం ప్రసూతి సెలవు 26 వారాలు. ఆ తర్వాత కొన్నాళ్ళు అమ్మమ్మో నానమ్మో వచ్చి ఆదుకుంటారు. వాళ్ళు ఊరికి బయల్దేరే రోజు దగ్గరపడేసరికి హైదరాబాద్‌లో కొండాపూర్‌లోనైనా మూసాపేటలోనైనా ఇంట్లో ఒకటే చర్చ, పిల్లను ఎక్కడ వదలాలని. మా అమ్మాయి కోసం, తర్వాత మా ఆడపడుచు కొడుకు కోసం ఇవన్నీ తిరిగి చూశాను. పైకి ఏ చోటైనా బాగానే కనిపిస్తుంది. నేను మాత్రం రెండే చూస్తాను: రోజంతా పిల్లను ఎత్తుకునేది ఎవరు, ఆమె చేతికింద ఎంతమంది పిల్లలున్నారు.

పిల్లల సంఖ్య సంగతి ముందు. ఆఫీసు క్రెచ్‌ల (ఉద్యోగుల పిల్లల్ని పగలంతా చూసుకునే చోట్ల) కోసం కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మూడేళ్ళలోపు పిల్లలైతే పదిమందికి ఒక శిక్షణ పొందిన మనిషి, మూడు దాటినవాళ్ళైతే ఇరవైమందికి ఒకరు ఉండాలని ఉంది. అది కనీసం. ఏడాదిన్నర పిల్లలు పదిమంది ఒక్కరి మీద పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒకరికి డైపర్ మార్చేలోగా ఒకరు కొరుకుతారు, ఇంకొకరు ఏడుస్తారు, నెమ్మదస్తుడైన పిల్లాడు మూలన కూర్చుని ఎవరి కంటా పడడు. అందుకే ఫోన్‌లో "రేషియో ఎంత మేడమ్" అని అడిగి ఊరుకోకండి. మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి గదిలో తలలు లెక్కపెట్టండి.

మధ్యాహ్నమే ఎందుకంటే, ప్లే స్కూల్ అసలు నాణ్యత తేలేది అప్పుడే. పొద్దున పూట టీచర్లుంటారు, పాటలుంటాయి, ఇసుక తొట్టె ఉంటుంది, పిల్లల ఎత్తుకు తగ్గ కుర్చీలు, చిన్న కమోడ్‌లు, సీసీ కెమెరాలు ఉంటాయి. ఇవి తక్కువ సౌకర్యాలేం కావు. ఒక ఆయా సెలవు పెడితే ఇంకో ఆయా వస్తుంది, తలుపు మూతపడదు. ఉద్యోగం చేసే తల్లికి ఆ భరోసా చాలా పెద్దది. కానీ ప్లే స్కూల్ పద్ధతి మూడు దాటిన పిల్లలకు, రోజుకు మూడు నాలుగు గంటలకు సరిపడేది. జాతీయ బాలల హక్కుల కమిషన్ ప్రైవేటు ప్లే స్కూళ్ళకు రాసిన నిబంధనలూ అలాగే ఉన్నాయి. మన దగ్గర దానికి డే కేర్ తగిలించి, ఏడాది పిల్లల్ని సాయంత్రం ఏడు దాకా ఉంచుతున్నారు. టీచర్లు వెళ్ళిపోయాక మిగిలేది ఆయాలే.

ఒకచోట అన్నం వేళ చూశాను. ఆరుగురు పిల్లలు గోడవారగా కూర్చున్నారు. ఆయా ఒకే గిన్నెలో పెరుగన్నం కలిపి, ఒకే చెంచాతో వరసగా పెట్టుకుంటూ పోతోంది. చెంచా ఒకటే కావడం కన్నా ఆ నిశ్శబ్దం నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. ఎందుకంటే పిల్లలతో ఇంగ్లీషులోనే మాట్లాడాలని అక్కడ రూలు, ఆమెకు ఇంగ్లీషు రాదు. "బుజ్జీ, ఆ అను, ఇంకో ముద్ద, పెరుగు చల్లగా ఉందా?" అని తెలుగులోనో హిందీలోనో అనగలిగిన మనిషి నోరు మూసుకుని ఉంది. పిల్లలకు మాటలొచ్చే వయసు అది. అప్పుడు చెవిన పడే మాటల్ని తగ్గించేసి, దాన్నే నాణ్యత అంటున్నారు. 2020 జాతీయ విద్యా విధానం వీలైన చోటల్లా ఐదో తరగతి వరకు ఇంటి భాషలోనే బోధన ఉండాలంటోంది. రెండేళ్ళ పిల్లకు ఆ హక్కు ఇంకా ఎక్కువ.

వర్క్‌షీట్ల గురించి ఒక్క మాట. రెండున్నరేళ్ళకే పెన్సిల్ ఇచ్చి చుక్కలు కలిపించే చోటైతే ఇంకేమీ చూడక్కర్లేదు, బయటికి వచ్చేయండి. ఆ వయసులో వేళ్ళకు కావలసింది పిండి ముద్ద, నీళ్ళు ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి పోయడం, మూతలు తిప్పడం. 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఆటనే ప్రధానంగా పెట్టుకుంది.

ఇక అపార్ట్‌మెంట్‌లో ఆంటీ నడిపే డే కేర్. దీనికి బోర్డు ఉండదు, కరపత్రం ఉండదు, వాచ్‌మన్ భార్యనడిగితే తెలుస్తుంది. నిజాంపేటలో మేం చూసిన ఆంటీ హాల్లో చాప పరుచుకుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. రెండేళ్ళు దాటిన పిల్ల ఒకతి పక్కనే కూర్చుని గింజల్ని ఒక్కొక్కటే గిన్నెలో వేస్తోంది. "ఇది లావుది. ఇది సన్నది. దీనికి పురుగు పట్టింది చూడు, ఛీ, పారేద్దామా?" అంటుంటే ఆ పిల్ల "పాయేద్దాం" అని లేచి చెత్తబుట్ట దాకా నడిచి వెళ్ళి వేసి వచ్చింది. లెక్క, పోలిక, కొత్త మాట, చెప్పిన పని పూర్తిచేయడం, అన్నీ ఆ కాసేపట్లోనే అయిపోయాయి. చెప్పిన ఆంటీకి అది పాఠమనే తెలియదు. ఏడాది పిల్లాడొకడుంటే వాడిని మాత్రం ఆ గింజలకు దూరంగా వంటింటి గడప దగ్గర గిన్నెలిచ్చి కూర్చోబెట్టారు. గింజలు, వేరుశనగపప్పులు గొంతుకు అడ్డం పడతాయని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

అయితే ఈ ఆంటీలందరూ ఆమెలా ఉండరు. టీవీ ముందు కూర్చోబెట్టి తన పని తాను చూసుకునేవాళ్ళూ ఉన్నారు. ఆమెకు జ్వరమొస్తే మీకు సెలవు. బాల్కనీకి గ్రిల్ ఉందా, వంటింటికి గేటు ఉందా, మధ్యాహ్నం ఆమె బాత్రూమ్‌కి వెళ్తే చూడటానికి ఇంట్లో రెండో మనిషి ఉన్నారా అని మొహమాటం లేకుండా అడగాలి. పిల్లలు ఐదారుగురు మించితే నేనైతే వద్దంటాను. ఈ షరతులన్నీ కుదిరితే రెండున్నరేళ్ళ లోపు పిల్లలకు నా ఓటు ఈ ఇంటికే. రోజూ అవే చేతులు, అదే గొంతు, కొద్దిమంది పిల్లలు. ఆ వయసుకు అంతకన్నా కావలసింది లేదు.

ఆఫీసులోనే క్రెచ్ ఉంటే? యాభైమంది, అంతకు మించి ఉద్యోగులున్నచోట క్రెచ్ వసతి ఉండాలని చట్టం చెబుతోంది, రోజుకు నాలుగుసార్లు వెళ్ళి పిల్లను చూసుకునే వీలూ ఇచ్చింది. పాలు తాగే బిడ్డకు ఇంతకన్నా మంచిది లేదు. నిజాంపేట నుంచి గచ్చిబౌలి దాకా ఆ ట్రాఫిక్‌లో బిడ్డను రోజూ మోసుకెళ్ళగలరా అన్నదే ప్రశ్న.

అంగన్‌వాడీ పేరెత్తగానే మా అపార్ట్‌మెంట్‌లో మొహాలు చిట్లిస్తారు. నాకది అన్యాయంగా అనిపిస్తుంది. అంగన్‌వాడీలు నడిచేది ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవలు) అనే పథకం కింద; 1975 అక్టోబర్ 2న మొదలైన ఆ పథకం ఇన్నేళ్ళుగా చేస్తున్న పని ఒకటుంది, దాన్ని ఏ పెద్ద ప్లే స్కూలూ మా అమ్మాయికి చేయలేదు: తూకం వేసి, ఎత్తు కొలిచి, పిల్ల ఎదుగుతోందా లేదా అని రాసిపెట్టడం. ఏడు నెలల పిల్లల దగ్గర్నుంచి బాలామృతం (పోషకాహార పిండి) ప్యాకెట్ ఇంటికిస్తారు, టీకాలు గుర్తుచేస్తారు, మూడు దాటితే గుడ్డు, వేడి అన్నం పెట్టి ప్రీస్కూల్ నడుపుతారు. మూడేళ్ళ లోపు వాళ్ళకు 'నవచేతన', ఆపైవాళ్ళకు 'ఆధారశిల' అని 2024లో కేంద్రం ఇచ్చిన కార్యక్రమాలు చదివి చూశాను. బయట ఫీజు కట్టి కొనుక్కుంటున్న వాటికి అవేమీ తీసిపోవు.

కష్టమంతా వాటిని అమలు చేయాల్సిన ఆ ఒక్క టీచర్ది. ఓటరు జాబితా పని ఆమెదే, సర్వేలు ఆమెవే, పిల్లల వివరాలు పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించేదీ ఆమే. అద్దె గది, ఒక్కోచోట సరైన మరుగుదొడ్డి కూడా ఉండదు. అయినా మనసున్న టీచర్ దొరికిన సెంటర్లో చింతగింజలు ఐదేసి కుప్పలుగా పేర్పిస్తూ, "మీ అమ్మ ఇయ్యాల ఏం కూర వండింది?" అని ఒక్కొక్కరినీ అడుగుతుంటే విన్నాను. నాలుగేళ్ళ పిల్లలు పూర్తి వాక్యాల్లో జవాబిస్తున్నారు. మూడు దాటిన పిల్లకు, ఇంటి దగ్గర అలాంటి టీచర్ ఉంటే, పొద్దున అంగన్‌వాడీ, ఆ తర్వాత ఆంటీ ఇల్లు అనే జోడీని నేను ప్లే స్కూల్ కన్నా పైన పెడతాను. అలాంటి టీచర్ లేకపోతే, ఆయాలను మాట్లాడనిచ్చే ప్లే స్కూల్ వెతుక్కోవాలి.

ఈ పోలికంతా చేతిలో డబ్బున్నవాళ్ళకు. బోరబండలోనో రసూల్‌పురలోనో ఇళ్ళల్లో పనికెళ్ళే తల్లికి ఆంటీ ఫీజూ అందదు, అంగన్‌వాడీ సాయంత్రం దాకా ఉండదు. పాపను పెద్దమ్మాయికి అప్పజెబితే ఆ పెద్దమ్మాయి బడి పోతుంది. కేంద్రం పాల్నా పథకం కింద ఆరు నెలల పిల్లల దగ్గర్నుంచి చూసుకునే అంగన్‌వాడీ కమ్ క్రెచ్‌లు పెట్టుకునే వీలుంది. హైదరాబాద్‌లో అవి ముందు రావాల్సింది ఈ బస్తీల్లోకే, చిన్నపిల్లలకు విడిగా ఇంకో మనిషిని ఇచ్చి. మీ బస్తీలో లేకపోతే ఐసీడీఎస్ సూపర్‌వైజర్ని, కార్పొరేటర్ని అడగండి, నలుగురు తల్లులు కలిసి రాసిచ్చి అడగండి.