రెండో కాన్పు ఖర్చుకి చీటీయా, ఆర్డీయా?

ఇంకో ఆరు నెలల్లో డెలివరీ, చేతిలో నెలకి పదివేలు మిగులుతాయి అనుకోండి. బ్యాంకు ఆర్డీలో, అంటే నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే అప్పటికి 60 వేలూ కాస్త వడ్డీ, అంతే, కానీ అది పూర్తిగా మన డబ్బు, ఎవరికీ బాకీ ఉండం. పోస్టాఫీసు ఆర్డీ మాత్రం దీనికి పనికిరాదు, అది అయిదేళ్లది, మూడేళ్లు దాటితే గానీ మధ్యలో క్లోజ్ చేయనివ్వరు.

ఇక 20 మంది కలిసి వేసే 2 లక్షల చీటీ చూడండి, నెలకి అదే పదివేలు. ఆరో నెల 40 వేలు తగ్గించి పాడుకున్నా చేతికి 1,60,000 వస్తాయి, ఆ 40 వేల్లో కమీషన్ పోగా మిగిలింది అందరికీ డివిడెండ్‌గా పంచుతారు. సిజేరియన్ అయితే ఇదే ఆదుకుంటుంది కదా అనిపిస్తుంది. కానీ అసలు చిక్కు తర్వాతే, ఇంకా 14 నెలలు కట్టాలి, అదీ డైపర్లూ టీకాలూ మొదలై, పెద్దోడి స్కూల్ ఫీజు కూడా కట్టాల్సిన టైంలో. పైగా జామీను అడుగుతారు, కాబట్టి పాటకి ఒక నెల ముందే వెళ్లాలి. రిజిస్టర్ కాని చీటీ అయితే, పక్కింటి పిన్నిగారు వేస్తున్నా సరే, నేనైతే దూరం.

కాన్పయ్యే ఆవిడ ప్రైవేటు ఉద్యోగంలో ఉండి 26 వారాల జీతం సెలవు వచ్చేట్టుంటే చీటీ లాగించొచ్చు. ఒక్క జీతం మీదే ఇల్లు నడుస్తుంటే ఆర్డీనే వేసుకుని, కాన్పు గవర్నమెంటాసుపత్రిలో చూసుకోవడం నయం.