తమ్ముడు ఊదనన్నాక కొన్న బ్రీత్ అనలైజర్: ఏడాది వాడి చెబుతున్నా

ఈ చేతిలో పట్టే మిషన్ కొని ఏడాది దాటింది. సరదాకి కొన్నది కాదు. ఓ రాత్రి పోలీసులు కారు ఆపితే మా తమ్ముడు ఊదనన్నాడు. ఊదకపోతే రీడింగ్ ఉండదు, రీడింగ్ లేకపోతే కేసు నిలబడదు అని ఎవరో ఫ్రెండ్ ఎప్పుడో చెప్పిన మాట పట్టుకుని ఎంత అడిగినా ఒప్పుకోలేదట. వాడు ఎంత తాగాడో ఎవరికీ తెలియకుండానే, ఊదనందుకే, లైసెన్స్ ఏడాది పాటు పోయింది.

ఆ ఫ్రెండ్ మాట ఎంత తప్పో తర్వాత చదివితే తెలిసింది. అమెరికాలో లైసెన్స్ తీసుకుని రోడ్డెక్కామంటేనే టెస్టుకు ముందే ఒప్పుకున్నట్టు లెక్క, 1953లో న్యూయార్క్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. తాగి నడిపాడన్న కేసు ఒక దారి, ఊదనన్నందుకు లైసెన్స్ తీసేయడం ఇంకో దారి. బ్రిటన్‌లో సరైన కారణం లేకుండా శాంపిల్ ఇవ్వకపోవడమే ఒక నేరం. ఇండియాలో మోటారు వాహనాల చట్టం 205వ సెక్షన్ ప్రకారం, ఊదనని చెప్పడాన్ని కోర్టు మనకు వ్యతిరేకంగా తీసుకోవచ్చు.

ఇక మిషన్ సంగతి. ఫ్యూయల్ సెల్ సెన్సర్ ఉన్నదే తీసుకోండి, చౌకగా దొరికే సెమీకండక్టర్ రకం సిగరెట్ పొగ లాంటి వాటికి కూడా మోసపోతుంది. ఇందులో మాత్రం ఊపిరిలో ఉన్న ఆల్కహాల్ వల్ల చిన్న కరెంటు పుడుతుంది, దాన్ని కొలిచి, అంతే పరిమాణం ఊపిరిలో కన్నా రక్తంలో ఆల్కహాల్ 2100 రెట్లు ఉంటుందన్న నిష్పత్తితో రక్తంలో ఎంతుందో లెక్క కడుతుంది. వచ్చిన మొదటి రోజే ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ పుక్కిలించి వెంటనే ఊదాను, చుక్క తాగకుండానే ఎర్ర లైటు వెలిగింది. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ ఊదితే సున్నా. తమ్ముడు పక్కనే ఉండి చూశాడు. తర్వాత తనూ పైపు నోట్లో పెట్టుకుని బీప్ ఆగేదాకా ఊది, "ఇంతేనా అక్కా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడాదంతా వాడిని డ్యూటీకి నేనే దింపాను, పక్క సీట్లో కూర్చుని ముందు బండి ఆగినప్పుడల్లా బ్రేకు లేని చోట కాలు నొక్కేవాడు.

నచ్చనివి రెండు. ఆరు నెలలకే రీడింగ్ తేడా రావడం మొదలైంది, రెండు నిమిషాల్లో రెండుసార్లు ఊదితే రెండు వేర్వేరు అంకెలు. కాలిబ్రేషన్‌కి, అంటే రీడింగ్ సరిచేయించడానికి, పంపితే మూడు వారాలు పట్టింది, ఎప్పుడొస్తుందని అడిగితే సరైన సమాధానం లేదు. రెండోది నాకు అసలు నచ్చనిది, పచ్చ లైటు. లిమిట్ లోపల ఉంటే పచ్చగా వెలుగుతుంది, చూసినవాళ్లు ఇక బండి తీయొచ్చనే అనుకుంటారు. కానీ చివరి గ్లాసు తాగాక కూడా రక్తంలో ఆల్కహాల్ కొంతసేపు పెరుగుతూనే ఉంటుంది, పైగా లిమిట్ లోపల ఉన్నంత మాత్రాన చెయ్యి స్థిరంగా ఉందని కాదు. అందుకే ఆ లైటు మీద నల్ల టేపు అంటించేశాను.

ఇది నిజంగా పనికొచ్చేది మర్నాడు పొద్దున. రక్తంలోని ఆల్కహాల్‌ని శరీరం గంటకు సుమారు 0.015 శాతం చొప్పునే దించుకోగలదు, అంటే 0.12కి చేరినవాళ్లకు సున్నా అయ్యేసరికి ఎనిమిది గంటలు. కాఫీ తాగినా తలస్నానం చేసినా అది తొందరగా దిగదు. రాత్రి బుద్ధిగా క్యాబ్‌లో ఇంటికొచ్చి, పొద్దున్నే బాగానే ఉన్నాననుకుని తాళాలు తీసుకునేవాళ్లే ఇక్కడ దొరికిపోతారు.

పోయిన నెల తమ్ముడికి లైసెన్స్ తిరిగొచ్చింది. మిషన్ తనే తీసుకెళ్లాడు, కారులో కాకుండా బాత్రూమ్ అరలో బ్రష్ పక్కన పెట్టుకున్నాడు. టేపు మాత్రం తీయలేదు. నా వైపు నుంచి నాలుగు స్టార్లు, కంపెనీ ఆ పచ్చ లైటు తీసేస్తే ఐదోది కూడా ఇస్తాను.