జ్ఞానదంతం తీయించుకున్నాక: ఐసు మేలా, వేడి కాపడమా?

కింది దవడలో అడ్డంగా మొలిచిన జ్ఞానదంతాన్ని చిగురు కోసి తీస్తే, మర్నాటికల్లా బుగ్గ బూరెలా పొంగుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు వేడి కాపడం పెట్టమంటారు, డాక్టరు ఐసు పెట్టమంటాడు. రెండూ పనికొచ్చేవే, కాకపోతే దేని రోజు దానిది.

మొదటి రోజు, వీలైతే రెండో రోజూ ఐసే. చలికి రక్తనాళాలు ముడుచుకుని వాపు అదుపులో ఉంటుంది. అప్పుడే వేడి తగిలిస్తే వాపు, రక్తం కారడం రెండూ పెరగొచ్చు. ఐసు ముక్కల్ని పల్చటి గుడ్డలో చుట్టి బుగ్గ మీద బయటి నుంచి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టి, అంతసేపూ తీసేసి, మళ్లీ పెట్టాలి. ఐసు పెట్టినా రెండో, మూడో రోజుకు వాపు బాగా ఎక్కువవుతుంది. అది మామూలే, టెన్షన్ పడక్కర్లేదు. ఆ తర్వాత దవడ బిగుసుకుని నోరు సరిగా తెరుచుకోదు చూడండి, వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ కాపడం అప్పుడు హాయినిస్తుంది.

నోట్లోకి వచ్చే రక్తాన్ని ఉమ్మాలా, మింగాలా? నేనైతే మింగమనే చెప్తాను. మా చెల్లికి పన్ను తీసిన రోజు నోట్లో ఎరుపు కనబడిన ప్రతిసారీ వాష్‌బేసిన్ దగ్గరికి పరుగెత్తి ఉమ్మేది. ఉమ్మినకొద్దీ ఇంకా ఎర్రగా వచ్చేది. నిజానికి అందులో ఎక్కువ భాగం లాలాజలమే. పన్ను పోయిన గుంటలో రక్తం గడ్డకట్టి లోపలి ఎముకను, నరాలను కప్పుతుంది. గట్టిగా ఉమ్మినా, స్ట్రాతో పీల్చినా, సిగరెట్ తాగినా ఆ గడ్డ ఊడిపోవచ్చు. దాన్నే డ్రై సాకెట్ అంటారు. తగ్గాల్సిన నొప్పి రెండు మూడు రోజులకు చెవిదాకా లాగుతూ పెరుగుతుంది. అలా అయితే ఇంట్లో ఓర్చుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పుక్కిలించడానికి ఉప్పునీళ్లా, మౌత్‌వాషా? మొదటి 24 గంటలు రెండూ వద్దు. ఆ తర్వాత నా ఓటు ఉప్పునీళ్లకే. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను ఉప్పు కలిపి, నోట్లో పోసుకుని, తల అటూ ఇటూ వంచి, నీళ్లు వాటంతటవే జారిపోయేలా వదిలేయాలి. తిన్న ప్రతిసారీ ఇలా చేస్తే గుంటలో మెతుకులు నిలవవు. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ డాక్టరు రాస్తేనే, చెప్పినన్ని రోజులే వాడండి. ఎక్కువ రోజులు వాడితే పళ్లకు గోధుమరంగు మరకలు పడతాయి, నాలుకకు రుచి మారుతుంది.

తిండి విషయంలో ఐస్‌క్రీం నోటికి హాయే గానీ కడుపు నింపదు. చల్లార్చిన రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నం దానికంటే మేలు. మత్తు ఇంజెక్షన్‌కు మొద్దుబారిన పెదవిని తెలియకుండా కొరుక్కుంటాం కాబట్టి తిమ్మిరి పూర్తిగా వదిలాకే తినాలి. ఆవకాయ, పల్లీలు, కరకరలాడేవి కొన్నాళ్లు పక్కన పెట్టండి. గుంటలో ఏదైనా ఇరుక్కుంటే పుల్ల పెట్టి కెలకొద్దు.

నొప్పి మాత్ర నొప్పి మొదలయ్యాక వేసుకోవడం కన్నా, డాక్టరు రాసిన మాత్ర తిమ్మిరి వదలకముందే వేసుకోవడం మేలు. ముదిరిన నొప్పిని దించడం కష్టం. కడుపులో అల్సర్, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు సొంతంగా ఐబుప్రోఫెన్ కొనుక్కోకూడదు, ముందే డాక్టరుకు చెప్పాలి. లవంగ నూనె, పసుపు లాంటివి పచ్చి గాయంలో కూరొద్దు.

రక్తం ఆగకపోతే శుభ్రమైన గాజ్ (గాయాలకు కట్టే పల్చటి గుడ్డ) ముక్కను తడిపి, మడిచి, గుంట మీద పెట్టి అరగంట గట్టిగా కరిచిపట్టండి. మధ్యలో తీసి చూడొద్దు. అప్పటికీ ఆగకపోయినా, జ్వరం వచ్చినా, చీము కారినా వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. మింగడమో ఊపిరి తీయడమో కష్టమైతే, అర్ధరాత్రయినా సరే, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.