కర్నూలు ఎండల్లో పెయింట్ రిమూవర్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

జెల్లీలా ఉండే పెయింట్ రిమూవర్‌ను తలుపుల మీద, పడక కుర్చీల మీద, పాత టేకు బీరువా మీద, బంధువుల ఇళ్లలో ఉయ్యాల బల్లల మీద కొన్నేళ్లుగా వాడుతున్నాను. సరుకు మంచిదే. కానీ మన ఊళ్లో ఎండాకాలం వాడితే సగం డబ్బులు ఆవిరైపోతాయి. మామూలుగా దొరికే ఘాటు రిమూవర్లలో అసలు పనిచేసేది మెథిలీన్ క్లోరైడ్, అది దాదాపు 40 డిగ్రీలకే మరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో నీడపట్టునే అంత వేడి ఉంటుంది కదా, అందుకే పూసిన కాసేపటికే పైన పొర కట్టి ఎండిపోతుంది, కింద పాలిష్ మాత్రం చెక్కుచెదరదు. తర్వాత అందరూ డబ్బాను తిడతారు.

నేను ఈ పని చలికాలంలో, పొద్దున పూటే పెట్టుకుంటాను. బ్రష్‌తో మందంగా, ఒకే వైపు లాగి వదిలేయాలి. పెయింట్ వేసినట్టు అటూ ఇటూ రుద్దితే ఆవిరిని ఆపడానికి అందులో కలిపిన మైనం చెదిరిపోతుంది. పూసిన వెంటనే పైన పాలిథిన్ కవరు పరుస్తాను, దీంతో చాలా తేడా వస్తుంది. పావుగంట తర్వాత అంచు ఎత్తి చూస్తే పాత వార్నిష్ ముడతలు పడి, బుడగలు లేచి, పాల మీద మీగడలా కదులుతూ ఉంటుంది. అప్పుడు మూలలు అరగదీసిన రేకుతో చెక్క చార వెంబడి తోస్తే పొరలు పొరలుగా వచ్చేస్తుంది. కదలకపోతే గట్టిగా గీకకండి, ఇంకోసారి పూయండి.

అసలు రిమూవర్ కొనేముందు కాస్త స్పిరిట్ తెచ్చుకోండి. మన ఇళ్లలో పాత టేకు సామాను చాలావరకు స్పిరిట్‌లో చపడా లక్క కరిగించి గుడ్డ ఉండతో రుద్దిన పాలిష్‌దే. కుర్చీ కోడు లోపలివైపు, ఎవరికీ కనపడని చోట, స్పిరిట్‌లో ముంచిన దూది కాసేపు అదిమి పట్టండి. పైన పాలిష్ జిగటగా మారి దూదికి గోధుమరంగు అంటుకుంటే అది లక్క పాలిష్, మొత్తం స్పిరిట్‌తోనే పోతుంది, రిమూవర్ ఖర్చే అక్కర్లేదు. మెలమైన్, పీయూ (పాలియురేథేన్) లాంటి కొత్తరకం కెమికల్ పాలిష్‌లు అయితే దూది శుభ్రంగానే ఉంటుంది. అప్పుడు రిమూవర్ తప్పదు. స్పిరిట్ భగ్గున అంటుకుంటుంది, పొయ్యికీ బీడీకీ దూరంగా చేయండి.

ఇక చాలామంది అడిగేది, అంతా గీకినా చెక్క ఇంకా ఎర్రగానే ఉందేమని. రిమూవర్ తీసేది పైపొరనే. పాలిష్ కింద వేసే రంగు, అంటే స్టెయిన్, చెక్క రంధ్రాల్లోకి ఇంకిపోయి ఉంటుంది, దాన్ని 80 నంబరు ఎమరీ పేపర్‌తో మొదలుపెట్టి 120, 180 దాకా చార వెంబడే రుద్ది తీయాలి. కొత్తగా వేసే రంగు పాతదానికంటే ముదురైతే ఇంత కష్టం అక్కర్లేదు, అక్కడితో ఆపేయండి. వెనీర్ (ప్లైవుడ్ లాంటి దానిపై అంటించిన పల్చటి చెక్క రేకు) అయితే పైన చెక్క పొర అర మిల్లీమీటరు కూడా ఉండకపోవచ్చు, ముతక పేపర్ ముట్టుకోకండి.

కొందరు పనివాళ్లు త్వరగా అయిపోతుందని కాస్టిక్ సోడా నీళ్లు పోస్తామంటారు. టేకుకి ఒప్పుకోకండి. చెక్క నల్లబడుతుంది, పీచు లేస్తుంది, అతుకుల దగ్గర జిగురు వదులవుతుంది. స్టీల్ ఊలు కూడా వద్దు, దాని తునకలు చెక్కలో ఇరుక్కుని తడి తగిలితే నల్ల మచ్చలు పడతాయి. మేకుల చుట్టూ ముందే పడిన అలాంటి మచ్చలకు ఆక్జాలిక్ ఆమ్లం నీళ్లు పనిచేస్తాయి, కానీ అది విషం, పిల్లలకు అందకుండా పెట్టి, పనయ్యాక చెక్కను బాగా కడగాలి.

ఆవిరి విషయంలో మాత్రం నాకు రాజీ లేదు. అది గాలికంటే బరువైనది, మూసిన గదిలో కిందనే నిలబడుతుంది, పీలిస్తే ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. అమెరికాలో 2019లో ఇళ్లలో వాడుకునేవాళ్లకు మెథిలీన్ క్లోరైడ్ రిమూవర్‌ను అమ్మడం ఆపేశారు. డాబా మీదో, గాలి ఆడే వరండాలోనో చేయండి, గుండె జబ్బు ఉన్నవాళ్లను దగ్గరికి రానివ్వకండి. ఆసుపత్రి గ్లౌజుల్లోంచి నిమిషాల్లో దిగిపోతుంది, రిమూవర్‌ను తట్టుకునేవే అడిగి తీసుకోండి.

చెక్కకు పాత ఎనామిల్ పెయింట్ ఉంటే ఎండు ఎమరీతో దుమ్ము లేపొద్దు. మన దేశంలో ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించకూడదనే నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అంతకుముందు వేసిన దాంట్లో ఎంత ఉండేదో చూసి చెప్పలేం. అక్కడ రిమూవర్ నిజంగా మేలు, తడి ముద్దగా వస్తుంది కాబట్టి కాగితంలో చుట్టి పారేయొచ్చు.

అంతా అయ్యాక టర్పెంటైన్ గుడ్డతో తుడిచి ఒక రోజు ఆరనివ్వండి, లేకపోతే మిగిలిన మైనం మీద కొత్త పాలిష్ పట్టదు. డబ్బా చిన్నదే కొనండి. ఎండాకాలం దాచి ఉంచిన డబ్బాలో ఆవిరి ఒత్తిడి పెరిగి మూత తీయగానే చిమ్ముతుంది, అందుకని పైన గుడ్డ కప్పి నెమ్మదిగా తిప్పండి.