అనంతపురంలో ఒక గానుగ నూనె దుకాణం: కళ్లముందే ఆడించి అమ్మే పద్ధతిపై సమీక్ష

అనంతపురం నగరంలో కొన్నేళ్లుగా గానుగ నూనె దుకాణాలు బాగా పెరిగాయి. వాటిలో మా ఇంట్లో చాలా కాలంగా నూనె తెచ్చుకుంటున్న ఒక దుకాణం గురించి రాస్తున్నాను. ఇక్కడ చెప్పే మంచీ చెడూ ఈ ఊళ్లోని చాలా దుకాణాలకు వర్తిస్తాయి కనుక పేరు రాయడం లేదు. నూనె రుచి గురించి చెప్పేదానికంటే, ఆ దుకాణం తన సరుకును జనానికి పరిచయం చేసుకునే తీరు గురించి ఎక్కువ చెబుతాను. వంటనూనె విషయంలో కొనేవారి చేతిలో ఉండే ఆధారం చాలా తక్కువ. సీసాలో ఉన్నది అచ్చంగా వేరుశనగ నూనేనా, అందులో పామాయిల్ ఏమైనా కలిసిందా అన్నది ఇంట్లో తేల్చుకోవడానికి నమ్మదగిన మార్గం లేదు. అమ్మేవారు చెప్పే మాట మీద, చూపించే పని మీదే ఈ బేరమంతా నడుస్తుంది.

ఈ దుకాణం ఎంచుకున్న ప్రచార మార్గాల్లో అన్నిటికంటే బలమైనది ఖర్చు లేనిది. గానుగను వెనక గదిలో దాచకుండా రోడ్డు మీదికి కనిపించేలా ముందు భాగంలో బిగించారు. మధ్యలో కట్టె రోలు, అందులో వాలుగా నిలిచిన రోకలి, మోటారుతో నెమ్మదిగా తిరిగే చట్రం. పప్పు పోసిన కాసేపటికి అది నలిగి ముద్దవుతుంది, పైన కొద్దిగా నీళ్లు చిలకరిస్తారు, ముద్ద రోలు అంచులకు గట్టిగా అంటుకుపోయాక అడుగు నుంచి నూనె సన్నని ధారగా డబ్బాలోకి దిగుతుంది. అప్పుడే దిగిన నూనె మబ్బుగా ఉంటుంది. ఒకటి రెండు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు చేరి పైన తేరుకుంటుంది. ఆ తేరుతున్న డబ్బాలను కూడా వరుసగా, ఆడించిన తేదీలు రాసిన చీటీలతో, అందరికీ కనిపించేలా పెట్టారు. తేరిన తర్వాతే సీసాలకు పట్టి, మూత బిగించి, చీటీ అంటించి అమ్ముతారు. ఆహార భద్రతా శాఖ ఇచ్చే 14 అంకెల సంఖ్య చీటీ మీద స్పష్టంగా కనిపిస్తుంది. నూనె వాసన వీధి మలుపు దాకా వస్తుంది. ఆ వాసనకు ఆగి లోపలికి వచ్చేవారిని చాలామందిని చూశాను. రుచి చూడమని అరచేతిలో నాలుగు చుక్కలు వేస్తారు తప్ప కొనమని వెంటపడరు. ధర అడిగినవారితో దుకాణదారు “ముందు వాసన చూడన్నా, ధర తర్వాత మాట్లాడుకుందాం” అంటారు.

ఎవరి పప్పు వారు తెచ్చుకుంటే కూలి తీసుకుని ఆడించి ఇవ్వడం ఇక్కడి రెండో ఆకర్షణ. వేరుశనగకు పేరుపడిన ఈ జిల్లాలో సొంత పొలం పంట ఉన్న కుటుంబాలు ఇప్పటికీ చాలా ఉన్నాయి. కదిరి పరిశోధన కేంద్రం విడుదల చేసిన కె-6 రకం పప్పును గోతాల్లో తెచ్చి వరుసలో కూర్చునే రైతులు అక్కడ తరచుగా కనిపిస్తారు. ఒకసారి ఒక పెద్దావిడ తెచ్చిన సంచిలో దుకాణదారు చెయ్యి పెట్టి గుప్పెడు పప్పు తీసి, తెల్లకాగితం మీద పరిచి చూశారు. “పెద్దమ్మా, ఇందులో బూజు పట్టినవి, ముక్కిపోయినవి ఉన్నాయి. ఇట్లే ఆడిస్తే నూనె చేదైతుంది, ఒంటికీ మంచిది కాదు. ఏరుకోని రేపు తీసుకరా” అని సంచి తిరిగి ఇచ్చేశారు. కూలి డబ్బు పోయినా సరే అని ఆయన చేసిన ఆ పనిని వరుసలో ఉన్న అందరూ చూశారు. ఏ ఫ్లెక్సీ కూడా ఆ దుకాణానికి అంత పేరు తెచ్చి ఉండదని నేను నమ్ముతున్నాను.

ఆయన చెప్పిన మాట వెనక గట్టి కారణం ఉంది. కాయ ముదిరే దశలో వర్షం ముఖం చాటేసినా, పీకిన తర్వాత కాయ సరిగా ఎండకపోయినా వేరుశనగకు ఆస్పర్జిల్లస్ అనే బూజు పడుతుంది. అది విడుదల చేసే అఫ్లటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పెద్ద మిల్లుల్లో రసాయనాలతో నూనెను శుద్ధి చేసే క్రమంలో ఆ విషం దాదాపుగా తొలగిపోతుంది. గానుగలో అలాంటి శుద్ధి ఉండదు కనుక పప్పులో ఏముంటే అందులో కొంత నూనెలోకి వస్తుంది. అంటే గానుగ నూనె మంచితనం గానుగ కంటే ముందు పప్పు ఏరివేతలో ఉంది. అయినా ఈ ఊళ్లోని గానుగ నూనె ప్రకటనల్లో పప్పు ఎక్కడిది, ఎలా ఆరబెట్టారు, ఎవరు ఏరారు అన్న మాట నాకు కనిపించలేదు. ఈ దుకాణంలో మాత్రం ఏరి పక్కన పడేసిన పప్పును ఒక గాజు జాడీలో పోసి కౌంటరు మీద పెట్టారు. ఆ జాడీ పక్కన ఒక్క వాక్యం రాసి పెట్టినా కొత్తగా వచ్చేవారికి ఉపయోగపడుతుంది.

ధర విషయంలోనూ ఈ దుకాణం మెచ్చుకోదగిన పని ఒకటి చేస్తోంది. ఆనాటి పప్పు కిలో ధర, లీటరు నూనె ధర రెండూ ఒకే పలక మీద పక్కపక్కన రాస్తారు. వేరుశనగ పప్పులో దాదాపు సగం నూనే ఉన్నా గానుగలో అంతా దిగదు, కొంత చెక్కలో, అంటే నూనె తీశాక మిగిలే పిప్పిలో, ఉండిపోతుంది. లీటరు నూనెకు సుమారుగా రెండుంబావు నుంచి రెండున్నర కిలోల పప్పు పడుతుంది. ఈ లెక్క తెలిసినవారికి పలక చూడగానే విషయం అర్థమవుతుంది. చెక్కను పశువుల దాణాగా అమ్మితే కొంత తిరిగి వస్తుందనుకున్నా, రెండు కిలోల పప్పు ధర కంటే తక్కువకు లీటరు గానుగ నూనె ఇస్తామని ఎవరైనా బోర్డు పెడితే అందులో ఇంకేదో కలిసి ఉంటుందని అనుమానించవలసిందే. ఇతర చోట్ల కనిపించే “సగం ధరకే స్వచ్ఛమైన గానుగ నూనె” వంటి ప్రకటనలను ఈ లెక్కతో ఒకసారి సరిచూసుకోమని పాఠకులను గట్టిగా కోరుతున్నాను.

ఇక దుకాణం వారు పండుగలప్పుడు ప్రకటించే ఆఫర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఐదు లీటర్లు కొంటే అర లీటరు ఉచితం అన్నది ఆ ఆఫర్. వినగానే పది శాతం తగ్గింపు అనిపిస్తుంది గానీ, ఐదున్నర లీటర్లకు ఐదు లీటర్ల డబ్బు కడుతున్నాం కనుక నిజమైన తగ్గింపు తొమ్మిది శాతం చిల్లర. లీటరు వేరుశనగ నూనె బరువు సుమారు 910 గ్రాములు కనుక ఐదున్నర లీటర్లంటే ఐదు కిలోలు. నూనెను కిలోల్లో కొనే పాత అలవాటు ఉన్నవారు తమకు ఉచితంగా దొరికిందనుకుంటున్న ఆ అర లీటరు లీటరుకూ కిలోకూ ఉన్న తేడాతో సమానమని గమనించాలి. ఇందులో మోసం ఏమీ లేదు. చీటీ మీద మిల్లీలీటర్లూ గ్రాములూ రెండూ రాస్తున్నందుకు దుకాణాన్ని అభినందిస్తాను కూడా. పేరున్న కంపెనీల నూనె ప్యాకెట్లలో ఇప్పుడు 910 గ్రాముల ప్యాకెట్ పక్కనే, చూపుకు దాదాపు అంతే కనిపించే 850, 800, 750 గ్రాముల ప్యాకెట్లు వస్తున్నాయి, వాటినీ జనం లీటరు ప్యాకెట్ అనుకునే తీసుకెళుతున్నారు. నా అభ్యంతరం వేరే ఉంది. శుద్ధి చేయని నూనె ఎక్కువ కాలం నిలవ ఉండదు, రెండు మూడు నెలలు దాటితే, ముఖ్యంగా మన ఎండల్లో, కమరు వాసన మొదలవుతుంది. నెలకు లీటరున్నర వాడే చిన్న కుటుంబం చేత ఐదున్నర లీటర్లు కొనిపించే ఆఫర్ ఆ కుటుంబానికి మేలు చేయదు. దానికి బదులు సీసా వాపసు ఇచ్చినవారికి ప్రతిసారీ కొంత తగ్గించే పద్ధతి పెడితే కొనేవారు తాజా నూనె కోసం మళ్లీ మళ్లీ వస్తారు, దుకాణానికీ అదే లాభం.

ఈ దుకాణంలో నేను ఏమాత్రం ఒప్పుకోలేనివి గోడ మీది రాతలు. “కొలెస్ట్రాల్ లేని నూనె” అని ఒకచోట, “మధుమేహాన్ని, మోకాళ్ల నొప్పులను దూరం చేస్తుంది” అని మరోచోట పెద్ద అక్షరాలతో రాయించారు. మొక్కల నుంచి వచ్చే ఏ నూనెలోనూ లెక్కించదగిన కొలెస్ట్రాల్ ఉండదు. అది వేరుశనగకు ఎంత నిజమో పామాయిల్‌కూ అంతే నిజం కనుక, తమ నూనెకు మాత్రమే ఉన్న ప్రత్యేకతలా దాన్ని చెప్పుకోవడం న్యాయం కాదు. మధుమేహం మాట ఇంకా ప్రమాదకరం. గానుగ నూనె అయినా, రిఫైన్డ్ నూనె అయినా గ్రాముకు 9 కిలో కేలరీలే. ఆ రాత నమ్మి ఒక రోగి మాత్రలు తగ్గించుకుంటే ఆ బాధ్యత ఎవరిది? ఆహార పదార్థం జబ్బును నయం చేస్తుందని ప్రకటించడాన్ని 2018 నాటి ఆహార ప్రకటనల నిబంధనలు అనుమతించవు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు తప్పుదారి పట్టించే ప్రకటనలపై మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, ఆ తర్వాత 50 లక్షల వరకు జరిమానా విధించే అధికారం ఉంది. ఇలాంటి రాతలపై 1915 నంబరుకు ఫోన్ చేసి ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. కళ్లముందు గానుగ తిరుగుతుండగా, ఏరిన పప్పు జాడీ కౌంటరు మీద ఉండగా ఈ దుకాణానికి ఆ రాతలతో పనేముందో నాకు అర్థం కాదు. ఈ మాట దుకాణదారుతోనూ చెప్పాను. బోర్డు రాసినవారే ఆ వాక్యాలు సూచించారనీ, అందరి బోర్డుల మీదా అవే ఉంటాయనీ ఆయన అన్నారు. ఇంతవరకు మాత్రం వాటిని తీయించలేదు.

ఫోన్ ద్వారా సాగే ప్రచారం సంగతి క్లుప్తంగా చెబుతాను. బిల్లు వేసేటప్పుడు ఫోన్ నంబరు అడుగుతారు, ఇవ్వనంటే పట్టుబట్టరు. నంబరు కోసం కొనేవారిని ఒత్తిడి చేయవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లో దుకాణాలకు సూచించింది, ఈ దుకాణం ఆ మర్యాద పాటిస్తోంది. నంబరు ఇచ్చినవారికి వాట్సాప్‌లో వారానికి ఒకసారి పప్పు ధర, కొత్తగా ఆడించిన నూనెల వివరాలు వస్తాయి, వద్దంటే ఆపేస్తారు. అయితే ఈ మధ్య ఒక రీల్ కనిపించింది. స్థానికంగా పేరున్న ఒక యువకుడు దుకాణానికి వచ్చి, నూనె రుచి చూసి, ఇంతకు మించినది రాయలసీమలోనే లేదని చెబుతాడు. డబ్బు తీసుకుని చేసినదైతే ఆ సంగతి వీడియోలోనే స్పష్టంగా చెప్పాలన్నది నియమం. దుకాణదారును అడిగితే డబ్బు ఇచ్చిన మాట దాచలేదు, వీడియోలో మాత్రం ఆ మాట ఎక్కడా లేదు.

నూనె విషయానికి వస్తే, వేరుశనగ నూనె ఈ నగరంలో నేను రుచి చూసినవాటిలో ఉత్తమమైనది. ఉగ్గాణి తాలింపులో, పప్పులుసులో, వేడి అన్నంలో కారప్పొడి మీద వేసుకున్నప్పుడు దాని కమ్మదనం పూర్తిగా తెలుస్తుంది. బజ్జీలు, బూరెలు వేయించడానికి మాత్రం నేను సిఫారసు చేయను, శుద్ధి చేయని నూనె తొందరగా పొగలు కక్కుతుంది, నురుగు కడుతుంది, అంత ధర పెట్టి కొన్న కమ్మదనం మూకుట్లోనే ఆవిరైపోతుంది. బెల్లం వేసి ఆడించే నువ్వుల నూనె కూడా బాగుంటుంది, ఊరగాయలకు మా ఇంట్లో అదే వాడుతున్నాం. కొబ్బరి నూనెలో ప్రత్యేకత ఏమీ కనిపించలేదు. కొనేటప్పుడు చీటీ మీద సీసాకు పట్టిన తేదీతో పాటు ఆడించిన తేదీని కూడా అడిగి తెలుసుకోండి. ప్రస్తుతం చీటీ మీద మొదటిదే ఉంటోంది, రెండోది డబ్బాల మీది చీటీల్లో చూసి చెబుతారు. సొంత పప్పు ఆడించుకోవాలనుకునేవారు ఇంట్లోనే ఏరుకుని, బాగా ఎండబెట్టి, పొద్దున్నే తీసుకెళ్లడం మంచిది. మధ్యాహ్నం తర్వాత తెచ్చిన పప్పును మరుసటి రోజు వరుసలోనే వేస్తారు. చెక్క కావాలంటే ముందే చెప్పాలి, చెప్పకపోతే దాన్ని కూలి కింద జమ కట్టుకుంటారు.