ఈబే వేలంలో బిడ్ ఎట్ల పెరుగుతది – నిజాం కాలం స్టాంపులు కొనేవాళ్ళ కోసం

మన హైదరాబాద్ స్టేట్ పాత స్టాంపులు, ముఖ్యంగా 1931 సిరీస్ (అణా స్టాంపు మీద చార్మినార్, నాలుగణాల దాని మీద ఉస్మాన్ సాగర్, అంటే మన గండిపేట చెరువు, చూస్తే వదలబుద్ధి కాదు), బయటి దేశాల సెల్లర్లు ఈబేలో వేలానికి పెడుతుంటారు. ఈబే ఇండియా సైట్ 2018లోనే మూతపడింది కాబట్టి కొనేదంతా మెయిన్ సైట్‌లోనే, డాలర్లలో.

నాకు బాగా నచ్చింది ఇక్కడి బిడ్డింగ్ పద్ధతి. మన లిమిట్ ఎంతో ఒక్కసారి కొట్టి పెట్టేస్తే అవతలివాళ్ళు పెంచినప్పుడల్లా మన తరఫున సైటే పాడుకుంటూ పోతది, అది కూడా గెలవడానికి ఎంత కావాలో అంతే, మన లిమిట్ ఎవరికీ కనపడదు. ఎంతెంత పెంచాలనేది ధరను బట్టి ఉంటది, 5 నుంచి 25 డాలర్ల లోపు అయితే అర డాలర్, 25 దాటాక 100 లోపు 1 డాలర్, 100 దాటితే రెండున్నర, అట్ల పైకి పోతది. అవతలివాళ్ళ లిమిట్ 31 డాలర్లు, మీది 40 అనుకోండి, మీకు 32కే వచ్చేస్తది, 40 మొత్తం కట్టక్కర్లేదు.

చాలామందికి తెలియనిది ఇంకోటుంది. ఇద్దరూ సరిగ్గా 40 పెడితే ముందు పెట్టినవాళ్ళదే వస్తువు. అదే మీరు 40.37 పెట్టారనుకోండి, పూర్తి డాలర్ తేడా లేకపోయినా మీరే గెలుస్తారు, కట్టేది 40.37. అందుకే నేను రౌండ్ ఫిగర్ ఎప్పుడూ పెట్టను, మీరూ పెట్టకండి, జనం ఎక్కువగా ఆగేది ఆ 40, 50 దగ్గరే.

ఈ మెట్టు, అంటే ఒక్కో బిడ్‌కి పెంచాల్సిన మొత్తం, సైజు చిన్న విషయం కాదండీ. 2023లో కోకాపేట నియోపోలిస్ భూముల ఆన్‌లైన్ వేలంలో ఎకరానికి 35 కోట్ల నుంచి మొదలుపెట్టి 25 లక్షల చొప్పున పెంచుకుంటూ పోతే ఒక ప్లాట్ ఎకరం 100.75 కోట్లకి పోయింది, చివర్లో ఆ 75 లక్షలు వచ్చింది ఆ మెట్టు వల్లే. మెట్టు మరీ పెద్దదైతే ఇంకో కొంచెం పెట్టగలిగినవాళ్ళు కూడా మధ్యలోనే ఆగిపోతారు. నేను చూసిన ఇంకో వేలం సైట్‌లో 300 రూపాయల స్టాంపుకి కూడా 100 చొప్పున పెంచాలి, ఆటోమేటిక్ బిడ్ లేదు, చివరిదాకా ఫోన్ పట్టుకుని కూర్చోవాల్సిందే, అక్కడ కొనడం మానేశాను.

బిడ్డింగ్‌కి 5కి 4.5 ఇస్తా. ఆ అర ఎందుకు తగ్గించానంటే ఈబేలో చివరి నిమిషంలో ఎవరైనా బిడ్ వేస్తే టైమ్ పొడిగించరు, అమెరికాలో సాయంత్రం ముగిసే వేలాలు మనకి తెల్లారుజామునో పొద్దున్నేనో అవుతయి, కాబట్టి షిప్పింగ్, కస్టమ్స్ కలుపుకుని మీ అసలు లిమిట్ రాత్రే పెట్టేసి పడుకోండి.