విదేశంలో వెనీర్లు వేయించుకుని మూడున్నరేళ్ళు: తిండి విషయంలో నా అనుభవం

పై వరుసలో ముందున్న ఎనిమిది పళ్ళకి పోర్సలిన్ వెనీర్లు (పంటి ముందు భాగానికి అతికించే పలచటి పింగాణీ పొరలు) వేయించుకుని మూడున్నరేళ్ళు దాటింది. వేరే దేశం వెళ్ళి, అక్కడ 11 రోజులు ఉండి చేయించుకున్నాను. వెళ్ళేముందు ఎక్కడ వెతికినా పళ్ళ రంగు గురించి, క్లినిక్‌ల గురించే దొరికింది. వంటగది లేని హోటల్ గదిలో ఉంటూ ఆ 11 రోజులూ ఏం తినాలో చెప్పినవాళ్ళు మాత్రం కనిపించలేదు.

ఇన్నాళ్ళ వాడకంలో నాకు బాగా అర్థమైంది ఒకటుంది. ఏం తింటున్నామన్నదానికన్నా దాన్ని నోట్లోకి ఎలా తీసుకుంటున్నామన్నదే ముఖ్యం. పోర్సలిన్ మామూలు నమలడాన్ని బాగానే తట్టుకుంటుంది. ముందు పళ్ళతో పట్టి, మెలితిప్పి లాగినప్పుడే దాని అంచు మీద భారం పడుతుంది. అందుకే యాపిల్‌ని సన్నగా కోసుకుని దవడ పళ్ళతో నమిలితే ఏమీ కాదు. మెత్తగా కనిపించే బ్రెడ్డే సాగుతుంటే ప్రమాదం.

మొదటి రోజు మత్తు ఇచ్చి, పంటి ముందు భాగాన్ని సుమారు అర మిల్లీమీటరు అరగదీసి, అచ్చు తీసుకుని, అసలువి తయారయ్యేదాకా ఉండే టెంపరరీ వెనీర్లు పెట్టారు. ఆ రోజు క్లినిక్‌కి వెళ్ళేముందే కడుపునిండా తినండి. మత్తు దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. ఈలోగా తింటే పెదవో బుగ్గో కొరుక్కున్నా తెలియదు, వేడి వస్తువుతో నోరు కాలినా తెలియదు. నేను వేలితో పై పెదవిని తాకి చూసుకుంటూ, స్పర్శ పూర్తిగా వచ్చాకే పెరుగు, అరటిపండు తిన్నాను. నొప్పి మాత్ర కూడా వాటి తర్వాతే వేసుకున్నాను.

అన్నిటికన్నా జాగ్రత్త కావాల్సింది టెంపరరీల కాలంలోనే. అవి రెజిన్‌తో, అంటే ప్లాస్టిక్ లాంటి పదార్థంతో చేసినవి. మళ్ళీ తీయాలి కాబట్టి కొద్దిగానే అతికిస్తారు. మూడో రోజు మధ్యాహ్నం బాగా ఆకలేసి, గట్టి అంచున్న శాండ్‌విచ్‌ని నేరుగా కొరికి లాగాను. చిన్నగా 'టక్' మంది. నాలుకకి గరుకుగా ఏదో తగిలింది. తీసి చూస్తే కోరపన్ను పక్కన పంటి మీది టెంపరరీ, గోరంత ముక్క. చల్లగాలి పీల్చగానే పన్ను జివ్వుమంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ముక్కని కడిగి, చిన్న డబ్బాలో పెట్టుకుని, క్లినిక్‌కి ఫోన్ చేశాను. సాయంత్రానికి మళ్ళీ అతికించారు. ఇలా జరిగితే ఇంట్లో వాడే జిగురుతో అతికించుకోవాలని చూడొద్దు. అది పంటికీ చిగురుకీ కూడా హాని చేస్తుంది.

ఆ తర్వాత నా తిండి మారిపోయింది. పొద్దున హోటల్లో గుడ్డు పొరటు, పాలల్లో నానిన ఓట్స్, బాగా పండిన పండ్లు. మధ్యాహ్నం మెత్తటి అన్నమో పాస్తానో, దాంతో ఉడికిన కూరగాయలు. రాత్రి సూప్, ముళ్ళు తీసిన చేప, మెదిపిన బంగాళాదుంప. భాష రాని చోట 'ఎముకలు వద్దు', 'మెత్తగా ఉండాలి' అన్న రెండు మాటలు ఫోన్లో అక్కడి భాషలోకి మార్చి దాచుకున్నాను. రెస్టారెంట్లో ఫోన్ చూపిస్తే చాలు, అర్థం చేసుకునేవాళ్ళు. బయట తినేటప్పుడు నన్ను ఎక్కువ భయపెట్టినవి కనిపించని గట్టి వస్తువులు: సలాడ్‌లో గింజ తీయని ఆలివ్, బ్రెడ్‌లో విత్తనాలు, పాప్‌కార్న్‌లో పేలని గింజ. ఫోర్క్‌తో ఒకసారి కదిపి చూసుకుని తినడం అప్పుడే అలవాటైంది, ఇప్పటికీ పోలేదు.

అరగదీసిన పళ్ళు వేడికీ చల్లదనానికీ జివ్వుమంటాయి. సూప్ గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాను, ఐస్ వేసిన నీళ్ళు మానేశాను. రంగు సంగతికొస్తే, టెంపరరీలు కాఫీ, టీ, రెడ్ వైన్, పసుపు అన్నిటినీ పీల్చుకుంటాయి. అసలు పోర్సలిన్‌కి అంత త్వరగా మరక పట్టదు కానీ, అంచుల దగ్గర, దాన్ని పంటికి అతికించే సిమెంట్‌కి పడుతుంది. కాఫీ నేను మానలేదు, తాగాక నీళ్ళతో పుక్కిలిస్తాను. అదే పోర్సలిన్ బదులు రెజిన్ రకంతో చేసే కాంపోజిట్ వెనీర్లయితే ఈ విషయంలో ఇంకా జాగ్రత్తపడాలి.

అసలు వెనీర్లు ఎనిమిదో రోజున అతికించారు. లైట్‌తో సిమెంట్‌ని అక్కడికక్కడే గట్టిపరుస్తారు, అయినా ఆ రోజంతా మెత్తటివే తిన్నాను. వెంటనే విమానం ఎక్కకుండా మూడు రోజులు ఆగడం నేను చేసిన అన్నిటికన్నా మంచి పని. ఎందుకంటే కొత్త పళ్ళతో మామూలుగా తింటేనే పై పళ్ళూ కింది పళ్ళూ సరిగ్గా కలుస్తున్నాయో లేదో తెలుస్తుంది. క్లినిక్ కుర్చీలో నోరు ఇంకా మొద్దుబారి ఉంటుంది, అన్నీ బాగున్నట్టే అనిపిస్తుంది. మర్నాడు పాస్తా నములుతుంటే ఎడమవైపు ఒక్క పన్ను మిగతావాటికన్నా ముందు తగులుతోందని గమనించాను. క్లినిక్‌కి వెళ్తే నీలం కాగితం కొరికించి, మచ్చ పడిన చోట కొద్దిగా సానపట్టారు. అయిదు నిమిషాల్లో అయిపోయింది. అలాగే వచ్చేసి ఉంటే నమిలిన ప్రతిసారీ ఆ పంటి మీద దెబ్బ పడుతూనే ఉండేది. టికెట్ బుక్ చేసుకునేటప్పుడే ఈ రెండు మూడు రోజులు కలుపుకోండి. తిరుగు ప్రయాణానికి మెత్తటి తిండి నేనే బ్యాగులో పెట్టుకున్నాను. విమానంలో గాలి పొడిగా ఉండి నోరు ఎండిపోతుంది కాబట్టి నీళ్ళు ఎక్కువ తాగాను.

ఇక ఇన్నాళ్ళ సంగతి. జివ్వుమనడం రెండు వారాల్లో పోయింది. ఇప్పుడు దాదాపు అన్నీ తింటున్నాను. మొక్కజొన్న పొత్తుని మాత్రం కొరకను, గింజలు వలుచుకుని తింటాను. మాంసాన్ని ఎముక మీద నుంచి పళ్ళతో పీకను. ఐస్ నమలను, ప్యాకెట్లు పళ్ళతో చించను. రెండో ఏడాదిలో ఒకసారి మరిచిపోయి గట్టి బాదం పప్పుని ముందు పళ్ళతో విరిచాను. ఒక వెనీర్ అంచు చిన్న పెచ్చు లేచింది. మా ఊరి డెంటిస్ట్ నునుపు చేసి సరిచేశారు. ఏ పదార్థంతో చేశారో, ఏ షేడో, ఏ సిమెంట్ వాడారో క్లినిక్ రాసిచ్చిన కాగితం ఆ రోజు బాగా పనికొచ్చింది. ఆ కాగితం అడిగి తీసుకోకుండా రావద్దు. నిద్రలో పళ్ళు కొరికే అలవాటుంటే నైట్ గార్డ్ (రాత్రి పళ్ళకి పెట్టుకునే తొడుగు) కూడా అక్కడే చేయించుకోండి. నేను ఇంటికొచ్చిన నాలుగు నెలలకి చేయించుకున్నాను, అప్పటిదాకా పొద్దున లేస్తే దవడలు బిగుసుకుపోయి ఉండేవి.